పేరు చెప్పని బ్రదర్

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న తెలుగు మగవాళ్ళందరూ ఒకే రకం నల్ల బూట్లు కొనుక్కోవడం గురించి ఎవరైనా ఏదో ఒకటి చెయ్యాలి. మా వైపు ఒక పెద్ద హోల్‌సేల్ కొట్టు ఉంది. ఏడాదికోసారి అందులో ఆ బూట్లు గుట్టగా పోస్తారు. మేమందరం పాల క్యాన్లతోబాటు ఒక జత బండిలో పడేసుకుంటాం. అక్కడితో ఆగితే బాధ లేదు. శనివారం సాయంత్రం ప్రార్థన కూడికకి ఎవరింటికి వెళ్ళినా గుమ్మం దగ్గర ఆ బూట్లే పదహారు జతలు ఉంటాయి. అడుగున గుర్తు రాసుకున్నా లాభం లేదు, ఇంటికొచ్చి చూసుకుంటే నాకు కుడికాలిది పదో నంబరు, ఎడమకాలిది తొమ్మిదిన్నర. అర నంబరు తేడాతో నడిచే మనిషి కాస్త వంగి, వినయంగా నడుస్తున్నట్టు కనిపిస్తాడు. నాకున్న మంచి పేరులో కొంత వాటా ఆ బూట్లదేనని నా అనుమానం.

నాకు దీనుడన్న పేరుంది. ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. మా ఫెలోషిప్‌లో ఇరవై కుటుంబాలు, వారానికొక ఇంట్లో కూడిక. మడత కుర్చీలు నేనే వేస్తాను, నేనే తీస్తాను. అందరూ తిన్నాక ఆఖరున తింటాను. బిర్యానీ ట్రేలో ముందు వచ్చినవాళ్ళు మర్యాద కోసం పైపైన అన్నం తీసుకుంటారనీ, ముక్కలన్నీ అడుగున మిగులుతాయనీ ఆ ఇరవై కుటుంబాల్లో నాకొక్కడికే తెలుసు. ఎవరైనా మెచ్చుకుంటే "నాదేముందండీ, అంతా ఆయన కృప" అంటాను. ఆ మాటకి తల ఎంత వంచాలో, ఎక్కడ ఆపాలో ఏళ్ళ తరబడి సాధన మీద వచ్చింది.

వీటన్నిటికీ మించి, ప్రార్థన మనవులు రాసుకునే పని నాది. పాటలయ్యాక నోట్‌బుక్ పట్టుకుని నిలబడి, "ఎవరికైనా మనవులున్నాయా?" అని అడుగుతాను. మోకాళ్ళ నొప్పులు, పిల్లల పరీక్షలు, గ్రీన్ కార్డులు, ఇండియాలో అత్తగారి షుగరు. అన్నీ రాసుకుని తలా ఒకటి పంచుతాను. ఎవరికి వచ్చిన మనవి కోసం వాళ్ళు పైకి ప్రార్థన చేస్తారు. ఆరేళ్ళుగా ఆ నోట్‌బుక్ నా దగ్గరే ఉంది. అందులో నా మనవి ఒక్కటీ లేదు. దాన్ని నేను విశ్వాసం అనుకునేవాణ్ణి.

ఒక మంగళవారం పొద్దున మా మేనేజరు పదిహేను నిమిషాల మీటింగ్ పెట్టాడు. తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. మిగతా ఆరు నిమిషాలూ నాకే వదిలేశాడు. వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకొకటి చూసుకోవడానికి అరవై రోజులు గడువు. ఆలోగా దొరక్కపోతే పదకొండేళ్ళ కాపురం పెట్టెల్లో సర్దుకుని, పిల్లల్ని బడి మాన్పించి బయల్దేరాలి. ఆ ఆరు నిమిషాల్లో ఈ లెక్క చాలాసార్లు వేశాను. ప్రతిసారీ అరవయ్యే వచ్చింది.

మా ఆవిడకి చెప్పాను. ఆవిడ స్టవ్ ఆపి, "శనివారం కూడికలో చెప్దాం. అందరూ ప్రార్థన చేస్తారు. నలుగురూ నాలుగు చోట్ల రిఫర్ చేస్తారు," అంది.

"ఇప్పుడే వద్దు."

"ఎందుకని?"

కారణం ఆవిడకి తెలియంది కాదు. అంతకు ముందు నెలే నేను కూడికలో వాక్యం చెప్పాను. దేవుని మీద ఆధారపడటం అనేది అంశం. నలభై నిమిషాలు, స్లైడ్లతో సహా. మన ఉద్యోగాలు మనవి కావు, ఆయనవి అని మూడో స్లైడు. చాలామంది దాన్ని ఫోటో తీసుకున్నారు.

"ఉద్యోగం ఆయనదైతే, పోయింది కూడా ఆయనదే కదండీ. మీకెందుకు సిగ్గు?" అంది మా ఆవిడ.

"సిగ్గు కాదు. దేవుని సమయం వచ్చినప్పుడు చెప్తాను."

"ఆయన సమయం సంగతి నాకు తెలీదు. ఇమిగ్రేషన్ వాళ్ళ సమయం మాత్రం అరవై రోజులు."

శనివారం నాటికి నాకొక ఉపాయం తోచింది. మా వాళ్ళలో అదొక పద్ధతి ఉంది. బయటికి చెప్పుకోలేని కష్టమైతే పేరు లేకుండా, ఒక సిస్టర్ కోసం, ఒక బ్రదర్ కోసం అని మనవి ఇవ్వొచ్చు. ఎవరూ తవ్వరు. డాక్టరమ్మగారు తప్ప.

డాక్టరమ్మగారు మా ఫెలోషిప్‌కి పెద్ద దిక్కు. ఇక్కడి ఆసుపత్రుల్లో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. గుంటూరు నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న తెలుగుని చెక్కుచెదరకుండా దాచుకున్నారు. మనవి చెబుతుంటే ఆవిడ రోగం వింటున్నట్టే వింటారు.

"ఒక బ్రదర్ ఉన్నారండీ," అన్నాను నోట్‌బుక్‌లోకి చూస్తూ. "ఈ మధ్యనే ఉద్యోగం పోయింది. వీసా సమస్య కూడా. పేరు చెప్పడం ఆయనకి ఇష్టం లేదు."

"మనకి తెలిసినవాడేనా?" అన్నారు డాక్టరమ్మగారు.

"తెలిసినవారేనండీ."

"పేరు చెప్పుకోడానికేం?"

"కొంచెం మొహమాటస్తుడండీ."

"మంచివాడేనా?"

ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. "చాలా మంచివాడండీ," అన్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి మా ఆవిడ దగ్గు వినిపించింది.

ఆ మనవి డాక్టరమ్మగారే తీసుకున్నారు. "ప్రభువా, ఆ బిడ్డకి ఉద్యోగం ఇయ్యి. దానికంటే ముందు వాడి మెడ కొంచెం వంచు. ఇంతమందిమి ఇక్కడ ఉండగా నోరు తెరిచి అడగలేనంత బిరుసు వాడికి ఎక్కడి నుంచి వచ్చిందో నీకే తెలియాలి," అని ఇంకా చాలా చెప్పారు. నేను ఆమేన్ అన్నాను, అందరికంటే కాస్త ఆలస్యంగా.

అప్పుడు మెట్ల దగ్గర నుంచి ఏడుపు వినిపించింది. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఉన్నాడు. ఎప్పుడూ మెట్ల పక్కనే కూర్చుంటాడు, పాటలు కూడా పెదవులతోనే పాడతాడు. అతను లేచి నిలబడ్డాడు.

"అన్నా, నా సంగతి మీకెవలు చెప్పిన్రు? నేను ఇంట్ల గూడ చెప్పలే."

అతని భార్య కళ్ళు తెరిచింది. మిగతా మనవులకి ప్రార్థన ఇంకా మిగిలే ఉంది గానీ అందరం తెరిచాం.

"ఎప్పుడు పోయింది?" అంది ఆమె.

"రెండు వారాలాయె."

"మరి రోజు పొద్దుగాల డబ్బ కట్టిస్తున్న గదా?"

"తింటున్న. పార్కుల కూసోని."

ఆమె వెళ్ళి అతని చెయ్యి పట్టుకుని పక్కన నిలబడింది. నా వెనక ఎవరో, "దేవుడే అన్నకి బయలుపరిచాడు," అన్నారు. ముప్పై తలకాయలు నా వైపు తిరిగాయి.

నిజం చెప్పడానికి అప్పుడు మూడు మాటలు సరిపోయేవి. వాటి కోసమే నోరు తెరిచాను. "నాదేముందండీ," అంది అది, "అంతా ఆయన కృప." తల కూడా సరిగ్గా ఎంత వంగాలో అంతే వంగింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు కార్‌లో మా ఆవిడ నాలుగో సిగ్నల్ దగ్గర, "ఎడమకి తిరగాలి ప్రవక్తగారూ," అంది.

ఆ తర్వాత జరిగినదాన్ని ప్రార్థనకి జవాబు అనే అనాలి. అడ్రస్ ఒక్కటే మారింది. తమ్ముడి ఇంటికి వారం పొడుగునా వంతులవారీగా భోజనాలు వెళ్ళాయి. ఆ వంతుల పట్టిక తయారుచేసింది నేనే. మా వంతు వచ్చినరోజు మా ఆవిడ సాంబారు, బెండకాయ వేపుడు చేసి పంపి, మాకు పెరుగన్నం పెట్టింది. "ఉద్యోగం పోయినవాళ్ళింటికి పంపాను. మనకేం, మీరు బాగానే ఉన్నారు కదా," అంది. ఎవరి కంపెనీలో ఖాళీ ఉన్నా ఆ సంగతి తమ్ముడికి చేరవెయ్యమని నా ఫోన్‌కే పంపేవాళ్ళు. వాటిలో ఒకదాన్ని పంపేముందు రెండుసార్లు చదివాను. అడిగిన అర్హతలన్నీ నాకున్నాయి. పంపేశాను. ఇంటర్వ్యూ ప్రశ్నలు కూడా నేనే చెప్పించాను. నా కోసం పోగు చేసుకున్నవే.

"అన్నా, మీ కంపెనీల ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు ఒకరోజు.

"ప్రస్తుతానికి లేదు తమ్ముడూ," అన్నాను. అబద్ధం కాదు. ఒకటి ఖాళీ అయింది గానీ దాన్ని నింపే ఉద్దేశం వాళ్ళకి లేదు.

ఇది చాలదన్నట్టు, మనుషులు నన్ను పక్కకి పిలవడం మొదలుపెట్టారు. తన గ్రీన్ కార్డు గురించి ప్రభువు ఏమైనా చూపించాడా అని ఒకాయన అడిగాడు. ఇంకొకాయన పక్క ఊరు ప్లానోలో ఇల్లు చూసుకున్నాడట, అది పడమర ముఖం. వాస్తు మానేసి చాలా ఏళ్ళయింది గానీ, ఎందుకైనా మంచిదని నన్ను అడుగుతున్నాడు. "ప్రార్థన చేద్దాం," అన్నాను. అలా అన్నందుకు నా మీద గౌరవం ఇంకొంచెం పెరిగింది.

మా ఎదురింటివాళ్ళు కూడా ఫెలోషిప్‌వాళ్ళే. అందుకని పగలు నా కారు ఇంటి ముందు కనిపించకూడదు. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని లైబ్రరీకి వెళ్ళి, కిటికీ పక్క బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచి దరఖాస్తులు పెట్టేవాణ్ణి. రెండో వారంలో డాక్టరమ్మగారు కనిపించారు. ఆవిడ రోజూ పొద్దున పేపర్లు చదవడానికి అక్కడికే వస్తారట.

"ఆఫీసు లేదా నాయనా?"

"ఇక్కడి నుంచే వర్క్ చేస్తున్నానండీ."

"అలాగా," అన్నారు. నాడి చూసిన తర్వాత డాక్టర్లు ఊరుకుంటారే, అలా ఊరుకున్నారు. మర్నాడూ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. ఏమీ అడగకుండా బ్యాగులోంచి ఒక కమలాపండు తీసి నా లాప్‌టాప్ పక్కన పెట్టి వెళ్ళేవారు. నేను థాంక్స్ చెప్పి తినేవాణ్ణి.

ముప్పై నాలుగో రోజున, చివరి రౌండు దాకా వెళ్ళిన ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మర్యాదగా రాశారు. నేను పార్కింగ్‌లోకి వెళ్ళి కార్‌లో కూర్చున్నాను. ప్రార్థన చేద్దామనిపించింది. ఎవరూ చూడటం లేదు కాబట్టి అది నిజమైన కోరికే అయ్యుండాలి. కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, ఆ బ్రదర్‌ని జ్ఞాపకం చేసుకో," అని వచ్చింది.

ఆగి, మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ ఆ బ్రదరే వచ్చాడు.

కార్‌లో నేనొక్కణ్ణే ఉన్నాను. పేరు ఎవరి దగ్గర దాస్తున్నానో కాసేపు నాకే అర్థం కాలేదు. ఆరేళ్ళుగా ఇరవై కుటుంబాల అవసరాలు ఆయనకి చదివి వినిపించాను, గుమాస్తాలాగా. గుమాస్తాకి తన సొంత పని మీద ఆ గదిలోకి వెళ్ళే అలవాటు ఉండదు. 'నాకు' అనే మాట గొంతు దాకా వచ్చి, అక్కడేదో మీటింగ్ ఉన్నట్టు ఆగిపోయింది. టెక్సస్ ఎండకి స్టీరింగ్ కాలుతోంది. చెమట తుడుచుకుని లోపలికి వెళ్ళాను. బల్ల మీద కమలాపండు ఉంది.

నలభై ఆరో రోజు శనివారం. కూడిక డాక్టరమ్మగారి ఇంట్లో. తమ్ముడు దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పడానికి లేచాడు, చేతిలో ప్లాస్టిక్ సంచీతో. ఉద్యోగం వచ్చింది. నేను రెండుసార్లు చదివి పంపిన ఉద్యోగమే.

"నేను పార్కుల కూసోని దేవునితోటి కొట్లాడిన, నీకు నేను కనబడ్తలేనా అని," అన్నాడు. "గా దినమే అన్న నోట్ల నుంచి నా కష్టం బయటికొచ్చింది. ఇంటర్వ్యూకు పోయొచ్చినంక చూస్తే నా కాళ్ళకున్నయి అన్న బూట్లు. కింద అన్న రాసుకున్న గుర్తు ఉన్నది." సంచీ నాకు అందించాడు. "అన్నకు ఇంత తెలిసి గూడ ఒక్కనాడు గొప్పకు పోలే. నాకు గసొంటి దీనత్వం కావాలె."

నా కోసం చేసిన ప్రార్థన, నాకు పనికొచ్చే ఉద్యోగం, నా బూట్లు. మూడింటిలో మూడోది తిరిగి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆయన కృప అన్నాను. ఈసారి తల వంచింది ఎవరి మొహమూ చూడలేక.

నా వంతు వచ్చింది. నోట్‌బుక్ తీసుకుని నిలబడ్డాను. పద్నాలుగు రోజులు మిగిలాయి. మోకాళ్ళూ పరీక్షలూ రాసుకున్నాను. అలవాటు ప్రకారం ఆఖరున, "ఇంకెవరికైనా మనవులున్నాయా?" అని అడిగాను. మా ఆవిడ నా వైపు చూడలేదు. నోట్‌బుక్ వైపు చూస్తోంది. పెన్ను మూత పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను.

డాక్టరమ్మగారు కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు.

"అందరి సంగతీ దేవుడు నీకు చెప్తున్నాడు నాయనా, బాగానే ఉంది," అన్నారు. "నీ ఉద్యోగం పోయిన సంగతి నువ్వు ఆయనకి చెప్పావా?"