ముప్పై ఒక్క ఆదివారాలు మోకాలికి ప్రార్థన

సహోదరీ సహోదరులారా, ఆ చీకటి రోజుల సంగతి వరుస తప్పకుండా చెబుతాను. 2003 ఫిబ్రవరిలో, అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే నా భర్త యాకోబుకు వృషణాల దగ్గర వాపు మొదలైంది. మా వైపు దాన్ని బుడ్డ అంటారు. పొద్దున్న పడక మీద తగ్గేది, సాయంత్రానికి బరువెక్కి అడుగు వేయనిచ్చేది కాదు. నాకు చెప్పడానికే ఆయనకు మూడు నెలలు పట్టింది! డాక్టరు దగ్గరికి వెళదామంటే, "ఆ మాట బయటికొత్తే మార్కెట్లో నా మొకం ఎలా సూపించను? మోకాలని సెప్పు" అన్నాడు.

మే మొదటి ఆదివారం ప్రార్థన చీటీ మీద 'మోకాలి నొప్పి' అని నా చేతులతోనే రాశాను. అక్కడినుంచి ముప్పై ఒక్క ఆదివారాలు పాస్టరుగారు ఆయన మోకాలికి నూనె రాస్తుంటే, సంఘమంతా కన్నీళ్లతో మొరపెడుతుంటే, నేను 'ఆమేన్' అన్నాను! ఒకరోజు చర్చి మెట్ల మీద తోటి కూలీ, "ఏటి బావా, మోకాలు నొప్పయితే కాళ్లు ఎడం పెట్టి నడుత్తన్నావేటి?" అని నవ్వాడు. ఆ రోజంతా ఈయన అన్నం ముట్టలేదు. నేను ఇంట్లో ఒంటరిగా ప్రార్థన చేయడం మానేశాను. దేవుడు మమ్మల్ని వదిలేశాడనుకున్నాను.

డిసెంబరు మొదటి గురువారం మధ్యాహ్నం ఆయన్ని మార్కెట్ నుంచి మోసుకొచ్చారు. వాపు రాయిలా బిగిసింది, వాంతులు ఆగడం లేదు. ఆసుపత్రిలో, పక్కనే సంఘపెద్దలు నిలబడి ఉండగా, నొప్పి ఎక్కడని డాక్టరుగారు అడిగితే, సహోదరులారా, చావు ముందు కూడా ఆయన "మోకాలు" అన్నాడు! వాంతులేమిటంటే పొద్దున తిన్నది పడలేదన్నాడు. సెలైను పెట్టించి డాక్టరుగారు వేరే రోగి దగ్గరికి వెళ్లిపోయారు. గంట గడిచింది.

గోడకు ఆనుకుని ఏడ్చాను. "ప్రభువా, ముప్పై ఒక్కసార్లు నీ ముందు అబద్ధమాడేను. శిచ్చ నాకెయ్యి, ఆయన్ని తీసుకెళ్లకు!" అంతే, లేచి అందరి ముందూ అరిచాను. "మోకాలు కాదు బాబూ, బుడ్డ! పది నెల్ల నుంచి బుడ్డ! సూడండి!"

అక్కడ వాపంటే నీరు చేరి ఉండొచ్చు, బోదవ్యాధి కావచ్చు, చీము కావచ్చు, గడ్డ కావచ్చు, చూడందే ఎవరూ చెప్పలేరని డాక్టరుగారు మందలించారు. ఈయనకు జారింది పేగు. ఇరుక్కుని నల్లబడిపోయింది. జానెడు కోసి తీసేశారు. ఇంకో రెండు గంటలైతే మనిషి దక్కేవాడు కాదన్నారు. ఆయన మళ్లీ దిమ్మ ఎత్తలేదు. ఆ దుఃఖం నేను దాచను. కానీ నేటికి ఆరేళ్లు, బతికి నా పక్కనే ఉన్నాడు. ఆ మహిమంతా ప్రభువుదే!

సహోదరులారా, మన ఒంటిని చేసినవాడికి వినకూడని మాటంటూ లేదు. మీలో ఎవరికైనా అలాంటి వాపుంటే ఆదివారం దాకా ఆగకండి. ఇవాళే భార్యకు చెప్పండి, డాక్టరుకు చూపించండి, ఉన్నదాన్ని ఉన్న పేరుతోనే ప్రభువు ముందు పెట్టండి. ఆయన సిగ్గుపడడు.