యూసఫ్ ఎడమచేతి బాతు

1948వ సంవత్సరం. పోలీస్ యాక్షన్ జరిగి నెల కూడా కాలేదు. మెదక్‌లోని మిషన్ దవాఖానాలో మగవాళ్ల వార్డులో నేను స్టాఫ్ నర్సుని. ట్రైనింగ్ పూర్తయి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో దెబ్బలు తప్ప జబ్బులు చూసినట్టు గుర్తు లేదు. మొదట రజాకార్లు కొట్టినవాళ్లు వచ్చారు, తర్వాత కమ్యూనిస్టు దళాలవైపు వెళ్లారని నిజాం పోలీసులు కొట్టినవాళ్లు, యాక్షన్ తర్వాత రజాకార్లని జనం కొట్టినవాళ్లు. మంచాలు అవే, దుప్పట్లు అవే. ఎవరు ఎవరివైపని అడగడం మానేశాము. అది మా మంచితనమనుకోవద్దు, అడిగే ఓపిక లేక.

యూసఫ్‌ను కుల్చారం దారిలో పడి ఉండగా ఎవరో చూసి ఎడ్లబండిలో తెచ్చారు. ముప్పై ఐదేళ్లుంటాయి. ఎవరో మోదినట్టు కుడిచెయ్యి నలిగిపోయి ఉంది. రెండు రోజులు ఆలస్యమైంది కాబట్టి చూపుడువేలికి, నడిమివేలికి గ్యాంగ్రీన్ వచ్చింది. అంటే రక్తం ఆడక కండ చచ్చిపోయి నల్లబడడం. దాన్ని అలాగే ఉంచితే చెయ్యంతా పోతుంది. డాక్టరమ్మ ఆ రెండు వేళ్లూ తీసేసింది. మిగిలిన చేతికి స్ప్లింట్, అంటే కదలకుండా చెక్కబద్ద కట్టి, రోజూ డ్రెస్సింగ్ చేసే పని నాకు అప్పగించింది.

పాత గుడ్డ విప్పి, పుండు కడిగి, సల్ఫా పౌడర్ చల్లి మళ్లీ కట్టడానికి అరగంట పట్టేది. ఆ అరగంట నొప్పి తెలియకుండా పేషెంటుతో ఏదో ఒకటి మాట్లాడించాలని మాకు నేర్పారు. ఏం పని చేస్తావు భాయ్ అని అడిగాను. మెల్లగా చెప్పాడు. అతను పెయింటర్. బజారులో దుకాణాల బోర్డులు సగం అతను రాసినవే, ఉర్దూలో అయినా తెలుగులో అయినా.

ఇంకొకటి కూడా చెప్పాడు. ఊరి గోడల మీద రజాకార్ల బెదిరింపు రాతలు రాసింది కూడా తానేనని.

"రాయమన్నరు, రాసిన. ఎన్క తుపాకి పట్టుకొని నిలబడ్డరు. రాయకుంటే ఏమైతుండెనో మీకెరుకే గద, సిస్టరమ్మా."

నాకు ఎరుకే. మా గల్లీ చివర గోడమీద అలాంటి రాత ఒకటి ఉండేది. డ్యూటీకి వచ్చేటప్పుడు రోజూ దాని ముందునుంచే నడిచేదాన్ని. తల తిప్పుకుని పోదామనుకునేదాన్ని. కానీ అక్షరాలు ఎంత అందంగా ఉండేవో కూడా చూశాను. కట్టు కట్టి లేచిపోయాను. నా చెయ్యి కాస్త గట్టిగా పడిందేమో, అతను పళ్లు బిగబట్టాడు.

వారం తర్వాత అతనే పెన్సిల్ అడిగాడు. ఎడమచేత్తో గీయడం మళ్లీ మొదటినుంచీ నేర్చుకుంటానన్నాడు. జ్వరం గుర్తుపెట్టే చార్టులకు వాడే ఎర్ర పెన్సిల్ ఇచ్చాను. ఆ రోజుల్లో కాగితం దొరికేది కాదు. వెళ్లిపోయిన పేషెంట్ల పాత చార్టులు వెనకవైపు ఖాళీగా ఉంటే అవి తెచ్చి ఇచ్చాను. నా పైన ఉండే వార్డు సిస్టర్‌కు తెలిసి నన్ను కోప్పడింది. అయినా ఇస్తూనే ఉన్నాను. అతను గీస్తున్నంతసేపు మంచినీళ్లకూ, మందుకూ పిలిచేవాడు కాదు. నాకు ఒక మంచం పని తగ్గేది. అదే అసలు కారణం.

ఏ బొమ్మలు గీస్తాడోనని చూశాను. ఒక లావుపాటి మనిషి, అతని చేతిలోని రొట్టె లాక్కుని పరిగెత్తే బాతు. ప్రతి కాగితం మీదా అవే. అడిగితే, చిన్నప్పుడు మా మిషన్ బడిలోనే చదివానని చెప్పాడు. క్రిస్మస్‌కు ఇంగ్లండు నుంచి పెట్టెలు వచ్చేవి. లోపల బొమ్మలు, ఊలు గుడ్డలు, వాటి మధ్య పిల్లల బొమ్మల పత్రికలు. శనివారం నాడు పంతులమ్మ వాటిని చాప మీద పరిచేదట. గడులు గడులుగా బొమ్మలు, మనుషుల నోటి దగ్గర గుండ్రంగా మాటలు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. వాటిలోని ఆ రొట్టెలాయన ఏమని తిడుతున్నాడో, బాతు ఏమని ఎగతాళి చేస్తోందో తనే కల్పించుకునేవాడు. నేలమీద బొగ్గుతో వాటిని చూసి గీసీ గీసీ తనకు పెయింటింగు వచ్చిందట.

ఇప్పుడు గీసేవాటిలో ఆ రొట్టెలాయనకు నిజాం కొలువులోవాళ్లు పెట్టుకునే కుచ్చు రూమీ టోపీ పెట్టాడు. బాతు మన బజారులో పరిగెత్తుతోంది. వెనకాల మన చర్చి గోపురం. అవేవీ చెబితే తప్ప తెలిసేవి కావు. గీతలన్నీ వణుకే. గోపురం పక్కకు ఒరిగేది, బాతు కుండలా ఉండేది. అతను చింపేవాడు కాదు. కాగితం తలకింద పెట్టుకుని మరుసటి రోజు ఇంకొకటి మొదలుపెట్టేవాడు.

పదిహేనో, పదహారో రోజు పొద్దున నేను డ్రెస్సింగు ట్రే తీసుకెళ్లేసరికి కాగితం నావైపు తిప్పి పట్టుకున్నాడు.

"బాతు వచ్చింది, సిస్టరమ్మా."

వచ్చింది. మిగతాదంతా వంకరే కానీ, మెడ చాచి ముక్కుతో రొట్టె పట్టుకున్న బాతు నిజంగానే పరిగెత్తుతున్నట్టుంది. మస్తుగుందని చెప్పాను. ఆ రోజు డ్రెస్సింగులో అతను ఒక్కసారి కూడా చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

మధ్యాహ్నం ఒక ఆఫీసరు వచ్చాడు, వెంట ఇద్దరు పోలీసులు. మద్రాసు వైపు నుంచి కొత్తగా వేసినవాడు. చేతిలో రజాకార్లకు పనిచేసినవాళ్ల పేర్ల పట్టీ ఉంది. అలాంటి పట్టీలో పేరున్న మనిషిని తీసుకుపోతే ఎప్పుడు తిరిగొస్తాడో, అసలు వస్తాడో రాడో చెప్పలేని రోజులవి. పుండు మానని ఆ చేతితో లాకప్పులో పడితే వారం కూడా బతకడని నాకు తెలుసు. డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉంది. వార్డు సిస్టర్ భోజనానికి పోయింది. వార్డులో నేనొక్కదాన్నే.

"ఇక్కడ పెయింటర్ యూసఫ్ అని ఎవరైనా ఉన్నారా?"

యూసఫ్ ఉన్నాడు గానీ పెయింటర్ కాదని, సున్నం కొట్టే కూలి అని చెప్పాను. అడ్మిషన్ రిజిస్టర్‌లో వృత్తి గడి ఖాళీ. జనం ఎక్కువైన రోజుల్లో ఆ గడి నింపేవాళ్లం కాదు. ఆఫీసరు దాన్ని చూసి, మంచం దగ్గరకు నడిచాడు. దిండు కింద నుంచి కాగితాల అంచులు కనబడుతున్నాయి. లాగి ఒక్కొక్కటే చూశాడు.

"కూలివాడికి బొమ్మలేమిటి? ఈ టోపీవాడెవరు?"

యూసఫ్ కట్టున్న చెయ్యి దుప్పటి కిందకు లాక్కుని కళ్లు మూసుకున్నాడు. అప్పుడు నాకు తెలియకుండానే నవ్వు వచ్చింది. నవ్వుతూనే చెప్పాను.

"అవి బొమ్మలా సార్? మా సండే స్కూల్ పోరగాండ్లు ఇంతకన్న మంచిగ గీస్తరు. ఇగ చూడుండ్రి, ఇది బాతట."

పొద్దున నేను మెచ్చుకున్న కాగితమే తీసి చూపించాను. ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి తనూ నవ్వాడు. వెంట ఉన్న పోలీసులు నవ్వారు. పక్కమంచాల వాళ్లు కూడా నవ్వారు. "గోడమీద రాసిన చెయ్యి ఇది కాదులే," అని కాగితాలు దుప్పటి మీద పడేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం దాకా యూసఫ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. మరునాడు గోడవైపు చూస్తూనే డ్రెస్సింగుకు చెయ్యి చాపాడు. నీకోసమే అబద్ధం చెప్పానని ఆ మాట నేనే ఎత్తాను.

"తెలుసు సిస్టరమ్మా. నా పానం కాపాడిండ్రు, మర్శిపోను. గా నవ్వు గూడ అబద్ధమేనా అని అడుగుదామనుకున్న. జానేదో, పోనియ్యుండ్రి, అడగ."

నవ్వు పూర్తిగా అబద్ధం కాదు. భయంతో వచ్చిన నవ్వు కొంత ఉంది. ఆ బొమ్మ చూస్తే వచ్చే నవ్వు కొంత ఉంది. మా గల్లీ గోడ కూడా అందులో కొంత ఉందని చాలా ఏళ్ల తర్వాత ఒప్పుకున్నాను.

ఇంకో పది రోజులున్నాడు. పెన్సిల్ ముట్టుకోలేదు. అతని భార్య, తమ్ముడు వచ్చి హైదరాబాదులో బంధువుల దగ్గరకు తీసుకుపోయారు. మంచం సర్దుతుంటే పెన్సిల్ దొరికింది. కాగితాలు ఒక్కటీ లేవు, అన్నీ వెంట తీసుకుపోయాడు. ఆ తర్వాత అతను మళ్లీ బోర్డులు రాశాడో లేదో నాకు తెలియదు. హైదరాబాదు పోయినప్పుడల్లా దుకాణాల పైకి చూసేదాన్ని. చూస్తే మాత్రం ఏం తెలుస్తుంది, అతని ఎడమచేతి రాత ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు.

ముప్పై ఏళ్లకు పైగా సర్వీసు చేశాను. కొత్తగా వచ్చే నర్సులకు నేను మొదట చెప్పేది, పేషెంటు మంచం దగ్గర నిలబడి పేషెంటు గురించి మాట్లాడొద్దని. కళ్లు మూసుకున్నవాడికి కూడా చెవులుంటాయి, వరండాలోకి వచ్చి మాట్లాడండి అంటాను. వరండాలోకి పోయే వ్యవధి లేకపోతే ఏం చేయాలని ఒకమ్మాయి అడిగింది. చెప్పక తప్పనిది అక్కడే చెప్పెయ్యి, కానీ నవ్వకుండా చెప్పు అన్నాను. ఆమెకు అర్థం కాలేదనుకుంటాను. డ్యూటీ గంట కొట్టారు, ఇద్దరం ఎవరి వార్డుకు వాళ్లం పోయాము.