బాలస్వామి గారి ఓటమి సాక్ష్యాలు

బాలస్వామి గారికి ఒకటే జబ్బు. ఓడిపోతే ఊరందరికీ చెప్పాలి.

గుడివాడ - అవనిగడ్డ బస్సులో కండక్టరుగా ముప్ఫయ్యేళ్లు అరిచిన గొంతు, నెమ్మదిగా చెప్పడం రాదు. ఇంతకీ ఓడేది ఎవరి చేతిలో? పాత ల్యాప్‌టాప్‌లోకి ఉచితంగా దించుకున్న 'గో' ఆట చేతిలో. నల్లరాళ్లు, తెల్లరాళ్లు పేర్చి ఎవరు ఎక్కువ జాగా చుట్టేస్తే వాళ్లదే గెలుపు. జాగా ఎప్పుడూ కంప్యూటర్‌దే.

పాలవాడికి చెప్పేవారు. మందుల షాపులో చెప్పేవారు. అదీ చాలక ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ లేచేవారు. ఒకరు జ్వరం తగ్గిందని, ఇంకొకరు కోడలికి ఉద్యోగం వచ్చిందని దేవుణ్ణి స్తుతించి కూర్చోగానే ఈయన అందుకునేవారు.

"ప్రభువు కృపవల్ల ఈ వారమూ ఓడిపోయానండీ. నలభై రెండు పాయింట్ల తేడా."

మనవరాలు ఏంజెల్ పాటల పుస్తకంలో మొహం దాచుకునేది. అసలే పదో తరగతి లెక్కల్లో తప్పి, మళ్లీ రాయనని మొండికేసిన పిల్ల. ఒక ఇంటికి ఒక సిగ్గు చాలదా?

"మీ తాత పరువు తీస్తున్నాడే," అనేది నానమ్మ సువార్తమ్మ, ఆయనకి వినబడేలా.

ఆటలో పది స్థాయిలున్నాయి. తాతయ్య ఎప్పుడూ అన్నిటికంటే కష్టమైన పదోదే పెట్టుకుంటారు. ఒక శనివారం ఏంజెల్ చాటుగా దాన్ని ఒకటికి దించేసింది. సాయంత్రానికి ఆయన అరవై పాయింట్లతో గెలిచి, రాంగు బస్సెక్కినవాడిలా తెరవైపు చూస్తూ ఉండిపోయారు. తలుపు చాటు నుంచి చూసి, పీడ వదిలిందనుకుంది ఏంజెల్.

మర్నాడు చర్చిలో ఆయన లేచారు. "ఈ వారమూ ఓడిపోయానండీ."

ఇంటికొచ్చాక నిలదీసింది. "దేవుడి ముందు నిలబడి అబద్ధమా తాతయ్యా? నిన్న గెలిచావు, నేను చూశాను."

ఆయన విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కుని, మళ్లీ విప్పారు.

"నీ రిజల్టొచ్చిన ఆదివారం జనమంతా నీ వైపే చూశారమ్మా. ఆ చూపులు కాస్త నా వైపు తిప్పుకుందామని మొదలెట్టా. గెలిచానంటే మళ్లీ నీ మీద పడతారేమోనని..."

ఏంజెల్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్ని ఆదివారాలూ ఆయనెవరో తెలియనట్టు పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చుంది తనేగా.

పై ఆదివారం సాక్ష్యాలకి ఆయనకంటే ముందే లేచింది.

"నేను లెక్కల్లో ఫెయిలయ్యానండీ. మళ్లీ రాస్తున్నాను. మా తాతయ్య అరవై పాయింట్లతో గెలిచారు. ఆట సులువు చేసింది నేనేలెండి."

సంఘమంతా అలవాటు కొద్దీ "స్తోత్రం" అంది.

మగవాళ్ల వరసలో బాలస్వామి గారు పాటల పుస్తకంలో మొహం దాచుకున్నారు. పుస్తకం తలకిందులుగా ఉంది.