ఒక్క లారీలో నలుగురి బట్ట

మా లారీ మామ కన్నుమూసి ఇవాళ్టికి పదిహేను రోజులు. ఆ పొద్దున ఇక్కడ భివండి టెంఘర్‌లో మా సందులోని మరమగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోతుంటే, కరెంటు పోయిందనుకుని బయటికి వచ్చాను. కరెంటు ఉంది. పోయింది మామ. చాయ్ తాగి, చెప్పులు వేసుకోబోతూ పక్కకు ఒరిగాడట. వాళ్ళ కోడలు అంతకంటే చెప్పలేకపోయింది.

ఆయన మాకు చుట్టం కాదు. కరీంనగర్ వైపు నుంచి ముంబై పక్కనున్న ఈ భివండికి వచ్చిన వాళ్ళం ఒకరినొకరం వరసలు పెట్టుకుని పిలుచుకుంటాం, అట్లా మామ అయ్యాడు. మా సందులో చిన్న చిన్న మరమగ్గాల వాళ్ళు నేసిన కోరా బట్టను రంగు వేయించడానికి సూరత్‌కు తీసుకెళ్ళే లారీ ఆయనది. ఆ సరుకుకు కావాల్సిన పన్ను కాగితాలు తయారుచేసే పని నాది. బీకాం చదివి, మా ఇంటి వసారాలో కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాను, ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నాను.

మా సందులో ఏ ఒక్కరి బట్టతోనూ లారీ నిండదు. హైవే పక్కన మాన్‌కోలిలో పెద్ద గోడౌన్ల నుంచి బళ్ళు నిండుగా పోతాయి కాబట్టి వాళ్ళకు కిరాయి తక్కువ పడుతుంది. మాలాంటి వాళ్ళు విడిగా పంపితే ఒక్కో బేలుకూ, అంటే ఒక్కో బట్ట మూటకూ, మోయలేనంత కిరాయి అవుతుంది. అందుకే నలుగురి బట్ట ఒకే లారీలో వేయడం మామ పద్ధతి. "సగం బండితోని పోతే ఆ ఖాళీ జాగకు గూడ డీజిల్ తాపాలె. దాని భాడా ఎవరిస్తరు?" అనేవాడు. ఇంటి తగాదాతో మాటలు మానేసిన బావాబావమరుదులను కూడా వదల్లేదు. "మీరు మాట్లాడుకోకుంటె మానుండ్రి. మీ బేళ్ళయితె పక్కపక్కన పండుకోవాలె" అని ఇద్దరినీ నిలబెట్టి లోడింగ్ చేయించాడు.

నేను పుస్తకాల్లో చదివిన పన్నుల సంగతులు ఆయనకు రోడ్డు మీద తెలుసు. జీఎస్టీ రాకముందు గుజరాత్ సరిహద్దు తనిఖీ నాకా దగ్గర లారీల వరుసలో ఒక్కోసారి రోజంతా గడిచేదట. వరుసలోనే వండుకోవడానికి క్యాబిన్‌లో చిన్న స్టవ్ ఉండేది. నాకా ఎత్తేశాక ఆ స్టవ్ కూతురికి ఇచ్చేశాడు. అదే లారీ, అదే రోడ్డు, నెలలో ఫేరీలు, అంటే సూరత్ ట్రిప్పులు, పెరిగాయి. ఫేరీలు పెరిగితే కిరాయి తగ్గింది, కిరాయి తగ్గితే కొద్దిపాటి బట్ట ఉన్నవాడు కూడా సూరత్‌కు పంపే ధైర్యం చేశాడు. దేశం ఎదుగుతోందన్న మాట పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఆ స్టవ్వే గుర్తొస్తుంది.

డీజిల్ దగ్గర మాత్రం ఆయన ముఖం మారిపోయేది. నూలు మీద కట్టిన పన్నును బట్ట మీద పన్నులో తగ్గించుకోవచ్చు. డీజిల్ మీద కట్టింది అట్లా తగ్గదు. అది కిరాయిలోకి ఎక్కుతుంది, కిరాయి బట్టలోకి ఎక్కుతుంది, చివరికి ఎక్కడో చొక్కా కొనుక్కునే మనిషి నెత్తిన పడుతుంది. నేను ఇదంతా వివరిస్తే మామ ఓపిగ్గా విని, "గది నాకు ఎరుకే బిడ్డా. డీజిల్ గురించి నాకేమనిపిస్తదో నీ ముందట చెప్పరాదు" అని నవ్వేవాడు.

ఇక నా తప్పు సంగతి చెప్పాలి. ఇది రాస్తున్నదే అందుకు.

సరుకుతో పాటు వెళ్ళే ఈ-వే బిల్లులో బండి నంబరు రాయాలి. ఒకరి బిల్లు తప్పయితే లారీయే ఆగిపోతుంది, మిగతా ముగ్గురి బట్టా దానిలోనే ఉండిపోతుంది. పన్ను ఎగ్గొట్టే సరుకును పట్టుకోవడానికి పెట్టిన నియమం, దాన్ని తప్పుపట్టను. ఆరేళ్ళ కింద మామ పాత లారీ అమ్మి ఇంకోటి కొన్నాడు. పాత నంబరు మా సందులో పిల్లలకు కూడా నోటికి వచ్చు. కొద్ది రోజులకే ఒక లోడుకు మూడు బిల్లుల్లో కొత్త నంబరే కొట్టాను. నాలుగోది మా బాపు నేసిన బట్టది. మన ఇంటిదే కదా అని చూడకుండా కొట్టేశాను, పాత నంబరు పడింది. దారిలో తనిఖీ వాళ్ళు ఆపితే లారీ కదలడానికి మూడు రోజులు పట్టింది.

ఆ లారీలో ఒక అన్న బట్ట ఉంది. ఊర్లో గుంటెడు భూమి కూడా లేక వచ్చి, ఏళ్ళ తరబడి ఇతరుల మగ్గాల మీద కూలికి నేసి, అప్పుడే మొదటిసారి నాలుగు మగ్గాలు కిరాయికి తీసుకున్నాడు. అది ఆయన మొదటి ఆర్డరు. ఆలస్యమైందని సూరత్ వ్యాపారి వద్దన్నాడు. రెండు నెలలకు మగ్గాలు తిరిగి అప్పగించి, మళ్ళీ కూలికి పోయాడు.

లారీ విడిపించుకుని వచ్చిన రోజు మామ నేరుగా మా వసారాకు వచ్చాడు. బట్ట పంపిన నలుగురూ అక్కడే ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే, "అన్ని బిల్లులు అయినంక ఈ పిల్ల వాళ్ళ బాపుది నేనే ఫోన్ల చెప్పి కొట్టిపిచ్చిన. అలవాటుల పాత నంబరు చెప్పిన" అన్నాడు. అందరూ పోయాక నేను ఏడుస్తుంటే మెల్లగా చెప్పాడు: "నన్ను తిట్టుకున్నా నా లారీ ఎక్కక తప్పది. నీ మీద నమ్మకం పోతె ఎవరి కాయిదం వాళ్ళు, ఎవరి బండి వాళ్ళు అయితరు. అప్పుడు ఈ సందుల ఒక్క మగ్గం నడవది. నువ్వు చెప్పకు."

నేను చెప్పలేదు. ఆయన వద్దన్నాడు కాబట్టి అని అప్పుడు అనుకున్నాను. భయపడి చెప్పలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తర్వాత మామ కొత్త నియమం పెట్టాడు. లోడింగ్‌కు ముందు నలుగురూ వసారాలో కూర్చుని ఒకరి బిల్లు ఒకరు పైకి చదవాలి. "ఎవని కాయిదం వానికి మంచిగనే కనవడ్తది. పక్కోనిది సదువు" అనేవాడు. మళ్ళీ ఎన్నడూ లారీ ఆగలేదు.

ఆ అన్న మాత్రం మామతో మాటలు మానేశాడు. సాయంత్రాలు వరాలా తలావ్ చెరువుగట్టున మామ ఎదురైతే వెనక్కి తిరిగి నడిచేవాడు. "ఏం బిడ్డా, తిన్నవా?" అని మామ ఆ వీపునే అడిగేవాడు. నేను పక్కనుండి చూశాను, ఒకటి రెండుసార్లు కాదు.

పదో దినం భోజనాలకు అన్న వచ్చాడు. అందరికీ దూరంగా గోడ పక్కన కూర్చున్నాడు. నేను వెళ్ళి ఆయన ముందు కూర్చుని మొత్తం చెప్పేశాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండనీ అనుకున్నాను. ఆయన తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"మగ్గాలు పోయినయ్ అంటె పోయినయ్ చెల్లె, మళ్ళ నేస్తనే ఉన్న" అన్నాడు. "మామ ఉన్నప్పుడే చెప్పకపోతివి. చెప్పి ఉంటె ఈ ఆరేండ్లు ఆయనతోని మాట్లాడుతుంటి గద."

ఆయన లేచి లోపలికి వెళ్ళి, దండ వేసిన మామ ఫోటో ముందు కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. భోజనానికి పిలిచినా లేవలేదు. నేను గడప బయటే నిలబడ్డాను. ఏమంటున్నాడో వినబడలేదు. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి.