సుందరి కోసం కట్టిన పెట్టె

2023 డిసెంబరు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులో మా దుకాణం. అక్రిలిక్, పీవీసీ షీట్లు కోసి బోర్డులూ పెట్టెలూ చేసి ఇస్తాం. కోచింగ్ సెంటర్ల బోర్డులు, డాక్టర్ల నేమ్‌ప్లేట్లు, బేకరీ కౌంటర్ల మీద మూతలు మా రోజువారీ పని. నేను ప్లాస్టిక్స్‌లో డిప్లొమా చేసి, సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో ఎనిమిదేళ్లు పనిచేసి, తర్వాత సొంతంగా ఈ దుకాణం పెట్టుకున్నాను. షీటు చేత్తో తడిమితే చాలు, ఏ రకమో చెప్పగలనన్న ధీమా ఉండేది అప్పట్లో.

ఒక మధ్యాహ్నం, అరవై దాటిన ఒకావిడ ఆటో దిగి, పాత దుప్పట్లో చుట్టి తెచ్చిన అక్రిలిక్ తలుపును నా ముందు పెట్టారు. నిటారుగా ఉండాల్సిన తలుపు మధ్యలో రెండు వేళ్లు దూరేంత వంగి ఉంది. మూలన మా దుకాణం స్టిక్కరు.

"ఇది మీరు చేసిందేనండీ. ఎందుకు వంగిందో చెబుతారా?" అని అడిగారు. కోపంగా కాదు, క్లాసులో పిల్లల్ని అడిగినట్టు.

ఆమె పేరు వసుంధర. కాకినాడ వైపు వారు. ఉద్యోగమంతా ఇక్కడే, జువాలజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. మధురానగర్‌లో అపార్ట్‌మెంట్. ఏడాది క్రితం ఫోన్లో కొలతలు చెప్పి, మంచంలో సగం పొడవుండే పారదర్శకమైన పెట్టె చేయించుకున్నారు. అది నాకు బాగా గుర్తుంది. అంచులు అద్దంలా మెరిసేలా పాలిష్ పెట్టి, ఫోటో తీసి గోడకి కూడా తగిలించాను. ఆ పెట్టె దేనికో మాత్రం అడగలేదు.

ఇప్పుడు అడిగాను. "పాముకండీ," అన్నారు.

బాల్ పైథాన్ అనే ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ అది. విషం లేదు. భయపడితే బంతిలా చుట్టుకుపోతుంది, పేరు అందుకే వచ్చింది. అటవీ శాఖ దగ్గర నమోదు చేయించిన కాగితాలు కూడా తెచ్చి చూపించారు. పేరు సుందరి.

"ముప్పై ఏళ్లు పిల్లలకి పాముల్ని ఫార్మలిన్ సీసాల్లో చూపించాను. ఒక్కదాన్నైనా బతికుండగా చూసుకోవాలనిపించింది," అన్నారు.

తలుపు ఎందుకు వంగిందో నాకప్పటికే అర్థమైంది. అక్రిలిక్ కొద్ది కొద్దిగా తేమ పీల్చుకుంటుంది. పెట్టె లోపల వేడి దీపం, నీళ్ల గిన్నె, తడి. బయట చలికాలపు పొడిగాలి. లోపలి ముఖం ఉబ్బుతుంది, బయటి ముఖం ఉబ్బదు. షీటు విల్లులా వంగుతుంది. ఆ వంపు వల్ల పడిన సందులోంచే సుందరి పది రోజుల క్రితం బయటికొచ్చి, పక్క ఫ్లాటు వాళ్ల చెప్పుల స్టాండులో దొరికింది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు ఆ ఉదయమే మీటింగు పెట్టి, సరైన పెట్టె చేయించడానికి పదిహేను రోజులు గడువిస్తూ నోటీసు కాగితం ఇచ్చారు. లేదంటే పాము అక్కడ ఉండటానికి వీల్లేదు. అంతకన్నా బాధ ఇంకోటి. సుందరి నాలుగు నెలలుగా తిండి ముట్టడం లేదు. కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతోంది. బంజారాహిల్స్‌లో చూపించిన వెటర్నరీ డాక్టరు, జబ్బు పాముకి కాదు, పెట్టెకి ఉందన్నాడట. లోపల వెచ్చదనం నిలవడం లేదు, తేమ నిలవడం లేదు.

నా చేతి పని వల్ల ఒక ప్రాణి నాలుగు నెలలు పస్తులుందని వినడం అదే మొదటిసారి. గోడ మీది ఫోటో తీసేశాను. కొత్త పెట్టె నేనే చేస్తానన్నాను. ఆమె సరేనన్నారు.

ఈసారి కంటికి నచ్చింది కాకుండా, పరీక్షకి నిలిచింది వాడాలనుకున్నాను. మూడు చిన్న పెట్టెలు చేశాను. ఒకటి మందపాటి అక్రిలిక్. ఒకటి హెచ్‌డీపీఈ, అంటే కూరగాయలు తరిగే తెల్ల పలకల ప్లాస్టిక్. మూడోది పీవీసీ ఫోమ్ బోర్డు. బ్రెడ్డులో ఉన్నట్టు లోపలంతా సన్నటి గాలి గదులుంటాయి. ప్రతి దాంట్లో కరెంటుతో వేడెక్కే ఒకే రకం హీట్ మ్యాటు, గిన్నెడు నీళ్లు, వేడినీ తేమనీ చూపే మీటరు పెట్టి నాలుగు రోజులు నడిపాను.

అక్రిలిక్ మూడో రోజుకే వంగడం మొదలుపెట్టింది. మందం పెంచితే సరిపోతుందన్న నా ఆశ అక్కడితో పోయింది. హెచ్‌డీపీఈ నీళ్లని అస్సలు పట్టించుకోలేదు గానీ, వేడికి సాగి గోడలు అలలు తేలాయి. పైగా దానికి ఏ జిగురూ అంటదు. ఫోమ్ బోర్డు మాత్రం కదల్లేదు. హీటరు ఆపిన గంటకి అక్రిలిక్ పెట్టె చల్లబడిపోయింది, ఫోమ్ పెట్టెలో చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనం నా అరచేతికి తెలిసిన క్షణం ఎంత సంతోషించానో చెప్పలేను.

అయితే ఫోటోలు అతికించడానికి వాడే చవక రకం పనికిరాదు, గోరు గుచ్చితే సొట్ట పడుతుంది. సాంద్రత ఎక్కువున్న గట్టి రకం తెప్పించాను. పీవీసీ మరీ వేడెక్కితే మెత్తబడుతుంది కాబట్టి హీటరుకీ గోడకీ మధ్య ఖాళీ వదిలి, థర్మోస్టాట్ బిగించాను. హద్దు దాటితే కరెంటు తనే ఆపేసే పరికరం అది. అడుగున అతుకుల్లోకి తడి దిగకుండా హెచ్‌డీపీఈ ట్రే ఒకటి కావాలి. దాన్ని వేడి గాలితో కరిగించి అతికించే పనివాడు సనత్‌నగర్‌లో నా పాత సహోద్యోగి హబీబ్ భాయ్. దేనికని అడిగితే పాముకని చెప్పాను.

"పామా పద్మక్కా? అయితే మూలలు జర గుండ్రంగ జేస్త. ముక్కు రాసుకుంటది గద," అన్నాడు. ఆ మాట నాకు తట్టనే లేదు. పాములు సందు కోసం మూలల్లో ముక్కుతో నెడుతూనే ఉంటాయని, పదునైన అంచుంటే గాయం చేసుకుంటాయని వసుంధర గారు తర్వాత వివరించారు.

ఫోమ్ బోర్డులోంచి లోపల కనిపించదు కాబట్టి, తలుపు దేంతో చేయాలా అని చాలాసేపు ఆలోచించాను. పాలీకార్బొనేట్ అనే పారదర్శక ప్లాస్టిక్ సుత్తితో కొట్టినా పగలదు, కానీ దాని మీద గీతలు పడతాయి, పలచనిదైతే నెట్టినప్పుడు వంగుతుంది. చివరికి ప్లాస్టిక్ అమ్ముకునే నేనే, తలుపుకి పక్కకి జరిపే గట్టి టఫెన్డ్ గాజు పెట్టించమని చెప్పాను. వసుంధర గారు మొదటిసారి నవ్వారు.

ఎనిమిదో రోజుకి పెట్టె తయారై వసుంధర గారి ఫ్లాటుకి చేరింది. జిగురు వాసన పూర్తిగా పోయేదాకా పాముని పెట్టకూడదు కాబట్టి తలుపు తీసి, హీటరు వేసి వారం వదిలేశాం. అన్నాళ్లూ సుందరి చిల్లులు పెట్టి, మూతకి క్లిప్పులు బిగించిన బట్టల డబ్బాలో ఉంది.

పదిహేనో రోజు సాయంత్రం అసోసియేషన్ ప్రెసిడెంటు యాదగిరి గారు వచ్చారు. ఆర్టీసీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, తెల్ల చొక్కా. గాజు తలుపు అంచుల్లో గోరు పెట్టి లాగారు, గోడలు గుద్దారు, తాళం రెండుసార్లు వేసి తీశారు. తర్వాత వసుంధర గారు సుందరిని లోపల వదిలారు. అది ముక్కుతో ప్రతి అతుకూ, ప్రతి మూలా తడుముతూ ముప్పావుగంట తిరిగింది. మేం ముగ్గురం కుర్చీల్లో కూచుని చూస్తున్నాం. ఇన్నేళ్లలో నా పనిని అంత శ్రద్ధగా తనిఖీ చేసిన ఇంజనీరు ఎవరూ లేరు. ఎక్కడా సందు దొరకలేదు. చివరికి వెచ్చటి మూలకి పోయి, చుట్టుకుని, తల ఒంటి మీద పెట్టుకుంది.

"మంచిగనే కట్టిన్రు మేడం," అన్నారు యాదగిరి గారు లేస్తూ నాతో. తర్వాత వసుంధర గారితో, "గా కాయితం నేను వాపస్ తీసుకుంట. మీరేం ఫికర్ జేయకుండ్రి." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, అది ఏం తింటదని అడిగారు. ఇంకో పావుగంట కూచున్నారు.

తొమ్మిది రోజుల తర్వాత వసుంధర గారు ఫోన్ చేశారు. "తిందండీ," అన్నారు. నేను కోతమిషను ఆపించి దుకాణంలో అందరికీ చాయ్ తెప్పించాను.

జనవరి చివర్లో ఆమే వచ్చారు, చేతిలో గుండ్రంగా చుట్టిన పల్చటి కాగితం లాంటిదేదో పట్టుకుని. షీట్లు కోసే బల్ల మీద మెల్లగా పరిచారు. సుందరి కుబుసం. ముక్కు నుంచి తోక కొస దాకా ఒక్క చోట తెగలేదు. కళ్ల మీది పొరలు సైతం గుండ్రంగా, స్వచ్ఛంగా ఉన్నాయి. తేమ సరిగ్గా ఉంటేనే ఇలా ఒక్క ముక్కగా వస్తుందట. పనివాళ్లు, పక్క జిరాక్స్ షాపు వాళ్లు, నేమ్‌ప్లేటు కోసం వచ్చిన డాక్టరు అందరూ బల్ల చుట్టూ చేరారు. ఎవరు కట్టారీ పెట్టె అని డాక్టరు అడిగారు. వసుంధర గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

నా డిప్లొమాలో ప్రతి ప్లాస్టిక్ గుణాలూ చదువుకున్నాను. ఎంత వేడికి మెత్తబడుతుందో, ఎంత బరువు మోస్తుందో నోటికి వచ్చు. మంచి మెటీరియల్, చెడ్డ మెటీరియల్ అని విడిగా ఉండవని మాత్రం ఈ పెట్టే నేర్పింది. మెరిసే అక్రిలిక్ నేమ్‌ప్లేటుకి ఎంత మంచిదో ఆ పాముకి అంత చెడ్డది. లోపల ఉండేది ఎవరో, వాళ్లకి ఎంత వేడి, ఎంత తడి కావాలో తెలియకుండా షీటు మీద రంపం పెట్టడం పనితనం కాదు. ఇప్పుడు పెట్టె కావాలని ఎవరొచ్చినా ముందు కుర్చీ వేస్తాను, కూచోబెట్టి మాట్లాడతాను. కొలతల టేపు తర్వాత తీస్తాను.