పాల క్యాన్లు మోసిన మోటారు సైకిలు

ఈ సంగతి ఇన్నేళ్లూ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, నాకు రాయడం రాదు. మా చిన్నప్పుడు ఊళ్లో బడి ఉన్నది గానీ ఇంట్లో బర్రెలు కూడా ఉన్నాయి. బడికి మా తమ్ముడు పోయేవాడు, బర్రెల వెంట నేను పోయేదాన్ని. యాభై దాటాక, మా కోడలు తన బిడ్డకు పలక మీద అక్షరాలు దిద్దిస్తుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. మనుమరాలికి ఒక ఎండాకాలంలో వచ్చినవి నాకు ఏళ్లకేళ్లు పట్టాయి. ముందు బస్సు బోర్డులు చదివాను, తర్వాత పేపరులో పెద్దక్షరాలు చదివాను, కానీ ఒక మాట తర్వాత ఇంకో మాట పెట్టి పుట నింపే ధైర్యం మాత్రం ఈమధ్యనే వచ్చింది.

మొన్న ఆ మనుమరాలే ఉద్యోగంలో చేరి, తన జీతంతో మోటారు సైకిలు కొనుక్కుని, హనుమకొండ నుంచి నేరుగా మా వాకిట్లోకి తెచ్చి నిలబెట్టింది. చక్రాల మధ్య ఇంజను మొత్తం బయటికే కనబడుతున్నది. ముందర తొడుగులు లేవు, పక్కన రేకులు లేవు. ఇలాంటి వాటిని ఇంగ్లీషులో బట్టలు లేని బండి అంటారని చెప్పి అది నవ్వింది. నేనూ నవ్వాను గానీ నా నవ్వు వేరు. మా కాలంలో బండి అంటేనే అంత, దానికి బట్టలు తొడగాలనే ఆలోచన ఎవరికీ రాలేదు. నేను చుట్టూ తిరిగి చూసి, గొలుసు బయటనే ఉన్నదేమిటి, చీర పడితే ఎట్లా అని అడిగాను. చీర కట్టుకుని ఎవరు తోలుతారు నాయనమ్మా అన్నది. నేను తోలానంటే నమ్మలేదు. నోటితో చెబితే ఒడిసే ముచ్చట కాదనిపించి, అది పోయాక కాగితం ముందేసుకున్నాను.

మాది స్టేషన్ ఘన్‌పూర్ తోవలో ఒక చిన్న ఊరు. ఎనభయ్యో సంవత్సరం దాటిన కొత్తలో మా ఆయన మా ఊరి పాలు, పక్క రెండు ఊళ్ల పాలు పోగుచేసి వరంగల్‌లో స్టేషను దగ్గరి ఒక చాయ్ హోటలుకు రోజూ వాడికగా పోసేవాడు. ఆ వాడికే మా బతుకు. మొదట సైకిలు మీద క్యాన్లు కట్టుకుని రైలుకు ఎక్కించేవాడు, రైలు ఆలస్యమైన నాడల్లా పాలు పలిగేవి. అందుకని కాజీపేటలో ఒక కాంట్రాక్టరు వాడి వదిలేసిన మోటారు సైకిలును కొని తెచ్చాడు.

నా ఈడు వాళ్లకు ఆ బండి గుర్తుండే ఉంటుంది. మరీ పెద్దది కాదు, చిన్నదీ కాదు. పెద్ద బండ్ల లాగా గుండెల మీద కొట్టినట్టు మోగదు, చిన్న బండ్ల లాగా ఎత్తు రాగానే దగ్గదు. ఒక్కటే సిలిండరు, దానికి అటొకటి ఇటొకటి రెండు పొగగొట్టాలు, గుడ్డు లాంటి టాంకు, మోకాళ్లు ఆనించుకోవడానికి టాంకుకు రెండు పక్కలా నల్లని రబ్బరు మెత్తలు. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాలి. అన్నిటికంటే వింత దాని కాడ. లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్కు, తన్నాక కిందికి తిప్పితే అదే గేరు. ఆ కాడను కాలితో నొక్కితే క్లచ్చు తనకు తానే విడేది కాబట్టి, కొత్తగా నేర్చుకునే వాళ్ల చేయి తడబడినా బండి ఎగిరి పడేది కాదు. గొలుసు మొత్తం రేకు పెట్టెలో మూసి ఉండేది, ఒక్క నూనె చుక్క బట్టల మీద పడదు. సీటు ఎంత కిందికి ఉండేదంటే పొట్టిదాన్నయిన నాకు కూడా రెండు పాదాలూ నేలకు ఆనేవి. ఆ బండిని చేసినవాడు ఎవరోగానీ, మా పాల క్యాన్లను చూసి చేసినట్టే ఉండేది.

ప్రతి శుక్రవారం దాన్ని కడిగేది నేను. ఇంజను పక్కల రెక్కల సందుల్లో బట్ట పెట్టి తుడుస్తుంటే ఏ తీగ ఎక్కడికి పోతున్నదో, ఏ గొట్టం ఎందుకున్నదో మా ఆయన అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. అన్నీ కళ్లముందే ఉన్నాయి కాబట్టి చదువు రాకపోయినా అర్థం చేసుకోవడం కష్టం కాలేదు.

ఒక చలికాలం మా ఆయన కాలు విరిగింది. బండి వల్ల కాదు, పాలు పిండబోతే మా సొంత బర్రె గోడకేసి అదిమింది. చూడవచ్చినవాళ్లందరూ ఆ ఫట్‌ఫటి వద్దని మేమప్పుడే చెప్పినం అంటూ కూర్చునేవారు, ఆయన పిండికట్టు కాలు చాపుకుని ప్రతిసారీ బర్రె కథ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చేది. కొన్నాళ్లు ఎవరెవరినో బతిమాలి పాలు పంపించాం. ఒకనాడు అందేవి, ఒకనాడు అందేవి కావు. మా బావ, అంటే మా ఆయన అన్న, బండి అమ్మేసి ఇంకో బర్రెను కొనుక్కోమన్నాడు. వాడిక పోయాక ఇంకో బర్రె ఉండి ఏం లాభమని ఈయన బాధ. నేను తోలుతానన్నప్పుడు ఇద్దరూ నా ముఖం చూశారు. ముందుగా మాట్లాడింది మా అత్త.

"గోచి పోసుకో బిడ్డా. మోకాలి లోతు బురదల నాటేసినప్పుడు అడ్డం రాని చీర, గా బండి మీద ఏం అడ్డమొస్తది?"

నేను అప్పటికి గోచి మానేసి పట్నపు వాళ్లలాగా కుచ్చిళ్లు పోసి కట్టుకోవడం గొప్ప అనుకునేదాన్ని. ఆనాడు మా అత్తే నా చీరను గోచి పోసి బిగించి కట్టింది. బండిని వాకిట్లో నడిమి స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రం గాలిలో తిరుగుతుంటే మా ఆయన మంచం మీది నుంచి చెప్పేవాడు, నేను గేర్లు మార్చేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని చప్పుడును బట్టే, ఇప్పుడు మార్చు, తొందరపడ్డవు, అనేవాడు. తర్వాత కోతలైన పొలంలో తిరిగాను, ఆ తర్వాత రోడ్డెక్కాను. ఊరు నవ్వింది. ఆడవాళ్లు ఇంకా ఎక్కువ నవ్వారు. నవ్వే వాళ్లలో కొందరు ఘన్‌పూర్ దవాఖానకు పోవాలంటే నా వెనక ఎక్కడం మొదలుపెట్టాక ఆ నవ్వు దానంతట అదే తగ్గింది.

హోటలు సేటు పెద్దమనిషి, గడ్డం పండినవాడు. నన్ను మొదటిసారి చూసినప్పుడు బండిని చూశాడు, గోచిని చూశాడు, క్యాను మూత తీసి పాలు చూశాడు; పాలు బాగున్నాయి, ఇంకేమీ అడగలేదు. అట్లా చలికాలం వెళ్లిపోయింది. ఎండలు ముదరబోతుండగా పక్క ఊళ్లో బర్రెలు ఒకటొకటే ఒట్టిపోయి పాలు తగ్గాయి. ఒక క్యాను నిండుగా, ఒకటి ఖాళీగా కడితే బండి ఒక పక్కకు లాగుతుంది కదా అని, నేను కావడి బరువు సరిచేసినట్టు రెండింటిలో సగం సగం పోసుకుని బయలుదేరాను. గుంతల రోడ్డు, కింద ఇంజను వణుకు, క్యానులో సగం ఖాళీ. మజ్జిగ చిలికే ఇంట్లో పుట్టి పెరిగిన నాకు దారి పొడుగునా నేనేం చేస్తున్నానో తట్టనే లేదు. సేటు మూత తీసేసరికి పైన వెన్న పూసలు తేలుతున్నాయి.

"బేటీ, ఇవి పాలా, మక్ఖనా? చాయ్ మీద గిట్ల తేలితే గిరాకీ నన్ను తిడ్తరు. రేపు కూడా గిట్లనే అయితే జర మాఫ్ చెయ్యి, నేను వేరే తాన తీస్కుంట."

మెల్లగానే అన్నాడు, అందుకే నాకు ఎక్కువ తగిలింది. ఆ మాట నాకంటే ముందు ఊరికి ఎట్లా చేరిందో తెలియదు. సాయంత్రానికి మా బావ వచ్చి, బండి కొనేవాడు ఘన్‌పూర్‌లో ఉన్నాడని, మరునాడు మధ్యాహ్నం తీసుకొస్తానని చెప్పాడు. నన్ను నేరుగా చూడకుండా తన తమ్ముడితోనే అన్నాడు.

"ఊరు నవ్వితే నవ్వింది, రేపు మరిచిపోతది. వాడిక పోతే మళ్ల రాదు. ఇగ తోలింది చాలు తమ్మీ, ఉన్న ఇజ్జత్‌తోని అమ్ముకోండ్రి."

మా ఆయన తన కాలు వైపు చూసుకున్నాడు. ఆయన తోలినప్పుడు క్యాన్లు ఎప్పుడూ నిండుగానే ఉండేవి, కాబట్టి ఆయనకూ ఉపాయం తెలియదు. నేను తాగే నీళ్లకని బిందె తీసుకుని బావికి పోయాను. మా దిక్కు ఆడవాళ్లు దూరం నుంచి నీళ్లు తెచ్చేటప్పుడు తొణకకుండా బిందెలో ఒక మోదుగాకు వేస్తారు. ఆకు నీటి మీద పరుచుకుని ఉంటే అలలు లేవవు. నేను కూడా ఆకు వేసి, తల మీద పెట్టుకుని నాలుగడుగులు నడిచి, ఆగిపోయాను. ఇంటికి వచ్చి మా అత్తకు చెబితే ఆమె మోదుగాకులు ముందేసుకుని, క్యాను లోపలి చుట్టుకు సరిపడా దొప్పల్లాగా గట్టి విస్తర్లు కుట్టింది.

తెల్లవారి, కడిగిన విస్తర్లను పాల మీద పరిచి మూత బిగించాను. అదొక్కటీ చాలదని నాకు తెలుసు. ఇంజను వణుకు ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ అనేది అన్నాళ్లు తోలిన నా అరచేతులకు, అరికాళ్లకు తెలుసు. రెండో గేరులో గుంజితే ఒళ్లంతా జలదరిస్తుంది. మూడో గేరులో సగం రేసు మీద వదిలేస్తే తొట్టెలలో పడుకున్నట్టు ఉంటుంది. ఆ రోజు మొత్తం ఆ ఒక్క చప్పుడునే పట్టుకుని పోయాను. రైలు వంతెన ఎత్తు మీద ఎనుమాముల మార్కెట్‌కు పోయే మిరప బండ్లు వరుసగా ఆగి ఉన్నాయి, దారి లేదు. సగం ఎత్తులో ఆగవలసి వచ్చింది. ఎడమ కాలు నేల మీద, కుడి కాలు బ్రేకు మీద, రెండు పక్కలా పాలు, ముక్కు నిండా మిరప ఘాటు. బండ్లు కదిలాయి. ఒక్కసారిగా ఎగిరితే పాలన్నీ వెనక్కి కొడతాయి, ఆగిపోతే కిందికి జారిపోతాను. క్లచ్చును దారం వదిలినట్టు వదిలాను. ఇంజను గొంతు తగ్గింది, తగ్గింది, ఇక ఆగిపోతుందనుకునేంతగా తగ్గింది, కానీ ఆగలేదు. బరువును భుజానికెత్తుకున్న మనిషిలాగా ఒక్క ఊపిరి తీసుకుని, తొణకకుండా మెల్లగా నన్ను పైకి లాక్కుపోయింది. ఆ బండి పనితనం గురించి నన్ను ఎవరైనా అడిగితే నేను వేగం చెప్పను, ఆ ఎత్తు చెబుతాను.

సేటు మూత తీశాడు, ఆకును చూశాడు, రెండు వేళ్లతో ఆకు ఎత్తి కింద చూశాడు. పాలు పాలలాగానే ఉన్నాయి.

"మక్ఖన్ ఏది బేటీ, ఇంట్ల దాసిపెట్టొచ్చినవా?"

"ఇయ్యాల బర్రె కడుపులనే ఉండిపోయింది సేట్ సాబ్," అన్నాను.

ఆ గడ్డం పెద్దమనిషి అంతగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ పొద్దు మొదటి చాయ్ నాకే ఇప్పించాడు. రేపటి సంగతి అడిగితే, రేపు పాలు రాకుంటే నేనేం అమ్మాలె అన్నాడు. నాకు కావలసిన మాట అదే.

మధ్యాహ్నం నేను వాకిట్లోకి వచ్చేసరికి మా బావ, కొనేవాడు మంచాల మీద కూర్చుని ఉన్నారు. కొనేవాడు లేచి టాంకు మీద చేయి వేశాడు. ఇంటి కోడలు బావతో ఎదురుగా మాట్లాడే ఆనవాయితీ మా ఇళ్లలో అప్పటికి లేదు. నేను దిగలేదు, ఇంజను ఆపలేదు.

"బావా, బండి అమ్ముడు లేదు. రేపు పొద్దుగాల్ల నాకు పని ఉన్నది."

కొనేవాడు చేయి తీసుకున్నాడు. మా ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు. మా బావ కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కాలు బాగైనా, చాలా ఏళ్లు ఒకనాడు ఆయన, ఒకనాడు నేను తోలాం. ఇప్పుడు ఆ రోడ్డు నాలుగు బండ్లు పక్కపక్కన పోయేంత అయింది, పాలు లారీల్లో వచ్చి సంచుల్లో పోతున్నాయి, ఆ హోటలు ఉన్నచోట ఏదో బట్టల దుకాణం పడింది. మనుమరాలి బండి మా బండికంటే ఎన్నో రెట్లు ఉరుకుతుంది, మీట నొక్కితే స్టార్టవుతుంది, నాకు సంతోషమే. కానీ అది దేన్నీ మోయదు, దానికోసం ఎవరూ పొద్దున్నే లేచి ఎదురుచూడరు. ఒక ఇల్లు మొత్తం ఒక బండి చప్పుడు కోసం చెవి పెట్టుకుని ఉండటం ఎట్లా ఉంటుందో నా మనుమరాలికి నేను చెప్పలేను. అది నా ఈడు వాళ్లకే తెలుసు.

అమ్ముడు లేదని చెప్పిన మరునాటి పొద్దున, ఇంకా మసక చీకటిగా ఉండగానే గోచి పోసుకుని బయలుదేరాను. మా బావ తన పాలు ఎప్పుడూ ఇంకో మనిషికి పోసేవాడు, మాకు ఇవ్వలేదు. ఆనాడు ఆయనే తన గడప ముందు, చెంబు కాదు, నిండు బిందె పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను బండి ఆపాను. ఆయన బిందెను నా వైపు చాపాడు. దిగి, లీటరు కొలత తీసుకుని, ఆయన పాలు కొలిచి రెండు క్యాన్లలోనూ అంచుల దాకా పోసి, మూతలు బిగించి, గేరు వేసి వరంగల్ తోవ పట్టాను.