మా అప్పు మొదటిసారి తీరినప్పుడు

మా అప్పు రెండుసార్లు తీరింది. రెండోసారి నిజంగానే తీరింది. మొదటిసారి తీరింది మాత్రం మణుగూరు పక్కన మా రేకుల చర్చిలో, ఒక ఆదివారం పొద్దున, నా నోటితో.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. అప్పు ముప్పై వేలు. మా అత్తకు కడుపులో గడ్డ లేస్తే ఖమ్మం దవాఖానాలో ఆపరేషన్ చేయించాం. ఆమె బతికింది, ఇంటికొచ్చింది, కూరలో ఉప్పు తక్కువైందని మళ్ళీ నన్ను తిట్టడం మొదలుపెట్టింది. అప్పు మాత్రం కదలలేదు. ఇచ్చినాయన మా చర్చి సంఘ పెద్ద. బొగ్గుబాయిలో ఉద్యోగం, నూటికి రెండు రూపాయల వడ్డీ. నిజానికి ఆయన ఇవ్వనన్నాడు. ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి, "ఆ పిల్ల ఎగ్గొట్టేది కాదు, నాది పూచీ" అని పట్టుబట్టి ఇప్పించింది. ఆయన షిఫ్టుకు పోయినప్పుడు ఎవరైనా బాకీ డబ్బులు తెస్తే తీసుకుని దాచేది కూడా ఆమే. చర్చిలో ఆడవాళ్ళ వైపు ఒకే చాప మీద కూర్చుని, ఒకే పాటల పుస్తకం చూసి పాడుకునేవాళ్ళం.

ఆ ఏడు మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, ఎక్కడో సభలకు వెళ్ళొచ్చి కొత్త బోధ ఎత్తుకున్నాడు. అడిగింది దొరుకుతుందని మనసులో నమ్మితే చాలదట. దొరికేసిందని నలుగురిలో ముందే సాక్ష్యం చెప్పాలట. అప్పుడు దేవుడు పని జల్దీ చేస్తాడట. నెల రోజులు అదే చెప్పాడు. నాకు తెగ నచ్చింది. ఆరు నెలలు వడ్డీ కట్టినా అసలులో ఒక్క రూపాయి తగ్గని మనిషికి, దేవుణ్ణి తొందరపెట్టే ఉపాయం ఎవరు చెప్పినా నచ్చుతుంది.

సాక్ష్యం అంటే తెలియనివాళ్ళకు చెప్తాను. పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, మేలు జరిగినవాళ్ళు లేచి నిలబడి అందరికీ వినిపించాలి. జ్వరం తగ్గిందనో, తప్పిపోయిన గేదె దొరికిందనో చెప్తుంటారు. ఆ ఆదివారం నేను లేచాను. గొంతు ఖంగుమంది.

"ప్రభువు మా అప్పు మొత్తం తీర్చేసిండు. ఒక్క రూపాయి బాకీ లేకుంట చేసిండు. ఆయనకే స్తోత్రం!"

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది సంఘ పెద్దే. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి మరీ అన్నాడు. అప్పిచ్చినాయనే ఆమెన్ అన్నాక నాకేం భయం! ధీమాగా కూర్చున్నాను. పక్కన అక్క నా వంక అదోలా చూసింది. నా విశ్వాసం చూసి ముచ్చటపడుతోందనుకున్నాను.

మా ఆయన ఆ రోజు చర్చికి రాలేదు. ట్రాలీ ఆటో నడిపేవాడు, దుమ్ముగూడెం వైపు సిమెంటు లోడు వేసుకుని పోయాడు. తన అప్పు తీరిన సంగతి ఆయనకు టీ కొట్టు దగ్గర తెలిసింది. సాయంత్రం ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి, ముందు నా మెడ వంక చూశాడు. పుస్తెలతాడు ఉంది. చెవులు చూశాడు. కమ్మలూ ఉన్నాయి. దొడ్లోకి పోయి మేకను చూసి వచ్చాడు.

"మన అప్పు తీరిందంట గదా," అన్నాడు.

"అవ్."

"ఎవరు కట్టిన్రు?"

"ప్రభువు."

"ఎప్పుడు?"

"ఇంక కట్టలే. ముందే చెప్పాలని అయ్యగారు చెప్పిండు గదా."

"మరి పై నెల వడ్డీ కట్టాల్నా, వద్దా?" అని అడిగాడు. ఆ సంగతి అయ్యగారు చెప్పలేదు.

తంటా అక్కడితో ఆగలేదు. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. పెద్ద మేలు జరిగినవాళ్ళు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, వచ్చినవాళ్ళందరికీ కోడికూరతో అన్నం పెట్టాలి. నేను సాక్ష్యం చెప్పి కూర్చున్నానో లేదో, అయ్యగారు మా ఇంట్లో కూడిక అని ప్రకటించేశాడు. వచ్చే శనివారం మధ్యాహ్నం, యాభై మంది. అప్పు తీరిన సంతోషానికి భోజనాలు పెట్టాలంటే అప్పు చేయాలి, వేరే దారి లేదు. కోళ్ళు అప్పు, బియ్యం అప్పు, నూనె అప్పు. కిరాణా కొట్టాయన ఎన్నడూ లేనిది అడిగినవన్నీ నవ్వుతూ తూచి ఇచ్చాడు. "మీకేందమ్మా, అప్పుల్లేని మనుషులు" అన్నాడు.

విస్తరాకులు వాగవతలి గూడెం నుంచి ఒక అవ్వ తెచ్చేది. అడవిలో అడ్డాకులు కోసి, పుల్లలతో కుట్టి, కట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చేది. ఆమెకు చర్చి లేదు, వాళ్ళ వేల్పులు వాళ్ళకున్నారు. అరవై ఆకులు కావాలంటే ఏం పండుగని అడిగింది.

"మా అప్పు తీరిందని అవ్వా."

"తీరిందా బిడ్డా?"

"తీరలే."

అవ్వ నెత్తి మీది కట్ట దించి నన్ను ఎగాదిగా చూసింది. "మేమైతే పని అయినంకనే కోడిని కోస్తం. మీ దేవుడు ముందే తింటడా?"

నాకు ఒళ్ళు మండింది. "విశ్వాసమంటే గట్లనే ఉంటది. నీకు తెల్వదు తియ్," అన్నాను.

"ఏమో బిడ్డా," అని అవ్వ అరవై ఆకులు లెక్కబెట్టి ఇచ్చింది. "పైసలు మీ అప్పు తీరినంకనే ఇయ్యి," అంది. అది వెటకారమో, దయో నాకిప్పటికీ తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం అక్క వచ్చింది. చాప వేస్తే కూర్చోలేదు, నీళ్ళిస్తే ముట్టుకోలేదు.

"నీ సాక్ష్యం నా కొంప ముంచింది చెల్లె," అంది.

జరిగింది ఇది. ఆదివారం ఇంటికి పోగానే పెద్దాయన డబ్బులేవని భార్యను అడిగాడు. తనకెవరూ ఇవ్వలేదని ఆమె అంది. ఆయన నమ్మలేదు. దేవుని సన్నిధిలో చెప్పిన సాక్ష్యం అబద్ధం కాదు, కాబట్టి అప్పు తీరింది. తన చేతికి రాలేదు, కాబట్టి భార్య చేతికి వచ్చింది. ఆమె లేదంటోంది, కాబట్టి దాచింది. ఇదీ ఆయన లెక్క. ఐదు రోజులుగా బియ్యం డబ్బాలు, చీరల మడతలు, దిండ్లలో దూది వెతుకుతున్నాడట. చివరికి అక్క తమ్ముణ్ణి పిలిపించి, నీకేమన్నా పంపిందా అని నిలదీశాడట.

"నన్నొచ్చి అడగొచ్చు గదా అక్కా?"

"అడగడంట. సాక్ష్యాన్ని అనుమానించుడు పాపమంట. పెండ్లాన్ని అనుమానించుడు పాపం కాదంట."

నాకు నవ్వొచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూశాక ఆ నవ్వుకు సిగ్గేసింది.

"ఇరవై ఏండ్ల కాపురం చెల్లె. నువ్వు లేసి ఒక్క మాట చెప్తే నమ్మిండు. నేను ఒట్టు పెట్టి చెప్తే నమ్మలే. మా తమ్ముని ముంగట నన్ను దొంగను చేసిండు. ఆయనకు నువ్వే చెప్పు."

అప్పుడే లేచి ఆమె వెంట పోవాల్సింది. పోలేదు. "రేపు కూడికల అందరి ముంగట చెప్త అక్కా," అన్నాను. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి వెళ్ళిపోయింది. నేనా ఒక్కరోజు గడువు ఎందుకు తీసుకున్నానో చెప్పడానికి ఇప్పటికీ మొహం చెల్లదు. రేపటిలోగా దేవుడు ముప్పై వేలు పంపిస్తే నా సాక్ష్యం నిలుస్తుందని ఆశ. సాయంత్రం దాకా ఇంటి ముందు ఏ బండి ఆగినా లేచి చూశాను. ఒకటి ఐసుపండ్ల బండి, ఇంకొకటి మా కోళ్ళు తెచ్చిన బండి.

శనివారం యాభై మందికి బదులు డెబ్బై మంది వచ్చారు. పాటలయ్యాయి. అయ్యగారు నన్ను లేవమన్నాడు. అక్క ఎక్కడో వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. పెద్దాయన ముందు కుర్చీలో అప్పటికే కళ్ళు మూసుకుని, చేతులెత్తి సిద్ధంగా ఉన్నాడు.

"మా అప్పు తీరలే," అన్నాను. "ఒక్క రూపాయి తీరలే. ముందే చెప్పాలంటే చెప్పిన. అక్క చేతికి నేనేం ఇయ్యలే. ఆమె తప్పేం లేదు, తప్పంతా నాది."

"ఆమెన్!" అన్నాడు పెద్దాయన అలవాటుకొద్దీ. ఆ తర్వాత కళ్ళు తెరిచాడు.

వెనక నుంచి ఒకాయన మెల్లగా, "అయ్యగారూ, నా మోకాలు నొప్పి కూడ తగ్గలే" అన్నాడు. ఇంకొకామె లేచి, కొడుక్కు నౌకరి వచ్చిందని మొన్నామధ్య చెప్పాను గానీ ఇంకా రాలేదంది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు లేచారు. మా సంఘంలో ఆ నెల జరిగిన మేళ్ళన్నీ మా ఇంటి పందిరి కింద ఒక్కొక్కటే రద్దయిపోయాయి. అయ్యగారు చెమట తుడుచుకుని, ముందు భోజనాలు కానిద్దామన్నాడు.

"అయితే వడ్డీ నడుస్తున్నట్టే గదా?" అన్నాడు పెద్దాయన. భార్యతో ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. ఆయన కూర రెండుసార్లు వేయించుకున్నాడు. అక్క విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మూడేళ్ళు పట్టింది. ఎండాకాలం మా ఆయన ట్రాలీలో బీడీలు చుట్టే తునికాకు బస్తాలు మోశాడు, మిగతా కాలం సిమెంటు మోశాడు. నేను రవికెలు కుట్టాను. మేకను అమ్మేశాం. దేవుడు కట్టలేదని నేననను. ఆ పాత ట్రాలీ ఇంజను అన్నేళ్ళు అడవి దారుల్లో ఆగకుండా తిరిగిందంటే అది మనుషుల వల్ల అయ్యే పని కాదు.

ఇకమీదట డబ్బు తన చేతికే ఇవ్వాలని పెద్దాయన కబురు పంపాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ప్రతినెలా కావాలని ఆయన ఇంట్లో ఉన్నప్పుడే పోయేదాన్ని. ఆయన చెయ్యి చాచినా చూడనట్టు దాటుకుని వంటింట్లోకి పోయి, అక్క చేతిలో పెట్టేదాన్ని. ఆమె లెక్కబెట్టుకుని "ముట్టింది" అని, అది కూడా ఆయనకు వినపడేట్టు అనేది. నాతో ఇంకో మాట మాట్లాడేది కాదు. చర్చిలో చాప మీద నా పక్క చోటు మూడేళ్ళు ఖాళీగానే ఉంది. ఎన్ని ఆదివారాలు ఏడుపు దిగమింగుకుని పాడానో నాకే తెలుసు.

చివరి వాయిదా కట్టిన రోజు వాగు దాటి గూడేనికి పోయి, అరవై ఆకుల పైసలు అవ్వ చేతిలో పెట్టాను.

"తీరిందా?" అంది.

"తీరింది అవ్వా."

"మరిప్పుడు కోడేది?"

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ మళ్ళీ లేచాను. "ప్రభువు మా అప్పు తీర్చిండు" అన్నానో లేదో, వెనక నుంచి కిసకిసలు మొదలయ్యాయి. అయ్యగారు గొంతు సవరించుకుని, "అమ్మా, ఇది ముందుగాల చెప్తున్నవా, అయినంక చెప్తున్నవా?" అని అడిగాడు. చర్చి గొల్లుమంది. మా ఆయన కూడా నవ్వాడు, దొంగసచ్చినోడు. నేను కూర్చోబోయాను.

ఆడవాళ్ళలోంచి అక్క లేచింది.

"అయినంకనే చెప్తుంది," అంది. "ఆఖరి రూపాయి దాక నా చేతికే ముట్టింది."

వచ్చి నా చాప మీద కూర్చుని, పాటల పుస్తకం ఇద్దరి మధ్యకు జరిపింది. అందరూ పెద్దాయన ఆమెన్ కోసం చూస్తున్నారు. ఆయన కళ్ళు మూసుకుని చేతులెత్తాడు. ఆగాడు. కళ్ళు తెరిచి భార్య వంక చూశాడు. ఆమె తలూపాక అన్నాడు ఆమెన్.